ఫైబర్ కనెక్షన్‌కి అన్నీ కలిసిన ఒకే బాక్సా, ఓఎన్‌యూ వేరు రూటర్ వేరుగానా?

#1 · సతీష్_తెనాలి

అందరికీ నమస్కారం. ఇంటికి కొత్తగా ఫైబర్ కనెక్షన్ తీసుకుంటున్నాం. మా వీధిలో కనెక్షన్లు ఇచ్చే ఆపరేటర్ రెండు రకాలుగా ఇస్తానంటున్నాడు. ఒకటి, వైఫై, ఫోన్ పోర్టు అన్నీ ఉన్న ఒకే బాక్స్. రెండోది, ఫైబర్ వచ్చి చేరే చిన్న ఓఎన్‌యూ మాత్రం వాళ్లు పెడతారు, రూటర్ మనం కొనుక్కోవాలి. ఏది కావాలో చెబితే వైరు లాగేస్తామంటున్నాడు.

మాది కింద, పైన పోర్షన్లు ఉన్న డాబా ఇల్లు. కింద అమ్మానాన్న ఉంటారు. టీవీలో ఓటీటీ చూస్తారు, మనవడితో వీడియో కాల్ మాట్లాడతారు. నేను పై గదిలో ఇంటి నుంచే పని చేస్తాను. రోజంతా మీటింగులు, ఆఫీసు వీపీఎన్. ప్లాన్ 200 ఎంబీపీఎస్. నాన్న ల్యాండ్‌లైన్ నంబరు పోకూడదు, చుట్టాలందరి దగ్గరా ఆ నంబరే ఉంది. వీధి స్తంభం నుంచి ఫైబర్ వసారా కిటికీ దగ్గరికి వస్తుంది, బాక్స్ కూడా అక్కడే బిగిస్తానంటున్నాడు.

నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్వాలేదు. మీటింగ్ మధ్యలో కాల్ తెగిపోతేనే నాకు టెన్షన్. ఏది తీసుకోమంటారు?

#2 · నాని_నెట్‌వర్క్ (హైదరాబాద్)

సతీష్ గారూ, నా ఓటు వేరువేరుగా పెట్టుకోవడానికే. ఎందుకో చెబుతాను.

ఆ ఒక్క డబ్బాలో మూడు పనులు జరుగుతాయి. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని మామూలు సిగ్నల్‌గా మార్చడం ఒకటి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి ఇంట్లో ఉన్న ఫోన్లకీ టీవీకీ నెట్ పంచడం రెండోది, అదే రూటర్ పని. మూడోది వైఫై. ఈ మూడూ ఒకే వేగంతో పాతబడవు. ఇళ్లకి ఫైబర్ మీద నెట్ పంచే జీపాన్ ప్రమాణం 2003 నాటిది, ఇంటి వైపుకి 2.5 గిగాబిట్ల దాకా మోస్తుంది. (అది, ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి చీల్చే స్ప్లిటర్ మీద ఉన్న ఇళ్లన్నింటికీ కలిపి.) మన దగ్గర ఇప్పటికీ చాలా ఇళ్లకి అదే నడుస్తోంది, ఇంకొన్నేళ్లు నడుస్తుంది కూడా. వైఫై అలా కాదు. వైఫై 5 ప్రమాణం 2013లో వచ్చింది, వైఫై 6 సర్టిఫికేషన్ 2019లో, వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో. ఒకే బాక్స్ తీసుకుంటే వైఫై పాతబడినప్పుడు మొత్తం డబ్బానే మార్చాలి, దాన్ని మార్చాలంటే మళ్లీ ఆపరేటర్ చుట్టూ తిరగాలి. వేరుగా ఉంటే రూటర్ ఒక్కటి తీసి కొత్తది పెట్టుకుంటారు, ఫైబర్ జోలికి పోనవసరం లేదు.

ఇంకో మాట. ఆపరేటర్లు ఇచ్చే బాక్సుల్లో కొన్నింటిలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది. పక్కిళ్ల రూటర్లన్నీ ఆ బ్యాండ్ మీదే ఉంటాయి కాబట్టి సాయంత్రమయ్యేసరికి మీ మీటింగ్ నత్తనడక నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ లేని బాక్స్ మాత్రం ఒప్పుకోకండి.

#3 · వసుధ_కరీంనగర్

నాని గారు చెప్పింది లెక్క ప్రకారం కరెక్టే గానీ, సతీష్ గారి ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు. ఆయన ఊళ్లో లేని రోజు నెట్ పోతే ఎవరు చూస్తారు?

మా అత్తగారింట్లో రెండు డబ్బాలు. నెట్ ఆగిందని ఫోన్ చేస్తే "మా వైపు సిగ్నల్ వస్తోంది, మీ రూటర్ చూసుకోండి" అంటారు. రూటర్ కంపెనీకి చేస్తే "మీ నెట్ వాళ్లని అడగండి" అంటారు. వీళ్లు వాళ్ల మీద, వాళ్లు వీళ్ల మీద తోసేసుకుంటారు. ఒకే బాక్స్ అయితే ఎవరూ చేతులు దులుపుకోలేరు. ఎర్రలైటు వెలిగిందా, ఫోన్ చెయ్, వాళ్లే వచ్చి చూస్తారు. ఒకే అడాప్టరు, ఒకే ప్లగ్గు. ఆరిపోతే ఆపి మళ్లీ వేయమని అత్తమ్మకి ఫోన్‌లో చెప్పొచ్చు. రెండు డబ్బాలుంటే ఏది ముందు ఆపాలి, ఏది తర్వాత వేయాలి అని అర్ధగంట పడుతుంది.

ఇంట్లో ఉండేవాళ్లకి అర్థమయ్యేది పెట్టాలన్నది నా అభిప్రాయం.

#4 · రమణ_స్ప్లైసింగ్ (ఒంగోలు)

నేను ఈ పనే చేస్తాను అన్నా. ఒకటా రెండా అని తేల్చుకునేముందు ఆ బాక్స్ వసారాలో ఎందుకు అని అడగండి. వసారా కిటికీ దాకా లాగితే అతనికి పని తేలిక, అంతకుమించి కారణం లేదు.

ఇంట్లో వాడే రూటర్లు, ఓఎన్‌టీలు (ఓఎన్‌యూ లాగే ఇంట్లో ఫైబర్ తగిలే డబ్బాలు) చాలావాటి మీద 0 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. మే నెలలో మన వైపు వసారా వేడి దాన్ని దాటేస్తుంది. పైగా దుమ్ము, జల్లు. ఎండాకాలంలో మధ్యాహ్నాలు నెట్ ఆగి సాయంత్రానికి దానంతటదే వస్తోందని వచ్చే కంప్లయింట్లలో నేను ముందు చూసేది ఆ డబ్బా ఎక్కడ పెట్టారనే.

ఫైబర్‌ని వసారా నుంచి హాల్లోకి ఇంకో పది, పదిహేను మీటర్లు లోపలికి లాగించుకోండి. సిగ్నల్ పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఫైబర్‌లో కిలోమీటరు మొత్తానికి పోయేది 0.3 డీబీ (సిగ్నల్ తగ్గుదలకి కొలత) చుట్టూ. సరిగ్గా చేసిన స్ప్లైస్‌లో, అంటే ఫైబర్ అతుకులో, 0.1 కూడా పోదు. అదే 1:32 స్ప్లిటర్‌ ఒక్కదాంట్లోనే 17 డీబీ దాకా పోతుంది. దానిముందు మీ పదిహేను మీటర్లు ఏ పాటి?

పోయేదల్లా వంపుల్లో. తలుపు మూలన కేబుల్‌ని నొక్కి మేకు కొడతారు, గుమ్మం సందులో మడిచి తోస్తారు. అక్కడ పోతుంది. గుండ్రంగా తిప్పమనండి, వేలెడు వెడల్పు కూడా లేకుండా మడవనివ్వకండి. చివర కనెక్టరు కూడా చూడండి. ఆకుపచ్చది ఆకుపచ్చ దాంట్లోనే పెట్టాలి, నీలం నీలంలోనే. రెండిటికీ ముఖం కోసిన కోణం వేరు, కలిపితే సిగ్నల్ పడిపోతుంది.

పని అయ్యాక మీటర్ పెట్టి సిగ్నల్ ఎంత వస్తోందో చూపించమని అడగండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్యలో ఉంటే నిశ్చింత. మామూలు బీ ప్లస్ తరగతి ఓఎన్‌టీకి హద్దు మైనస్ 27. మైనస్ 26 చూపించి "వస్తోంది కదా సార్" అంటే సంతకం పెట్టకండి. వానాకాలం వస్తే అదే ముందు పోతుంది.

#5 · కిరణ్_హ్యూస్టన్

మా దగ్గర కథ వేరుగా ఉంటుంది కాబట్టి పోల్చుకోవడానికి రాస్తున్నాను. ఇక్కడ చాలా ఇళ్లకి నెట్ వచ్చేది టీవీ కేబుల్ మీద, అంటే డాక్సిస్. కామ్‌కాస్ట్ అనే కంపెనీ వాళ్ల గేట్‌వే (మోడెమ్, రూటర్ కలిసిన బాక్స్) తీసుకుంటే 2025 మధ్య దాకా చాలా ప్లాన్లలో నెలకు 15 డాలర్ల చుట్టూ అద్దె ఉండేది. డాక్సిస్ 3.1 మోడెమ్ సొంతంగా కొంటే ఏడాది, ఏడాదిన్నర అద్దెతో తేలిపోయేది. అందుకే ఇక్కడ మనవాళ్లు చాలామంది మోడెమ్ వేరు, రూటర్ వేరు కొంటూ వచ్చారు. కొనేముందు కంపెనీ ఆమోదించిన మోడెమ్‌ల జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే యాక్టివేట్ చేయరు.

సొంత పరికరం వాడుకుంటున్నా అద్దె వేసే అలవాటు ఒకప్పుడు కొన్ని కంపెనీలకి ఉండేది. టెలివిజన్ వ్యూయర్ ప్రొటెక్షన్ యాక్ట్ అని 2019లో చట్టం వచ్చింది, 2020 డిసెంబరు 20 నుంచి అలా వసూలు చేయడం కుదరదు.

ఏటీ అండ్ టీ ఫైబర్ అయితే వాళ్ల గేట్‌వే ఉండాల్సిందే. సొంత రూటర్ వాడాలంటే దాంట్లో ఐపీ పాస్‌త్రూ అనే సెట్టింగ్ పెట్టి వెనక మనది తగిలించుకోవాలి. కాబట్టి "వేరుగా కొను" అన్న సలహా కేబుల్ ఉన్నవాళ్లకి పనికొచ్చినంతగా ఫైబర్ ఉన్నవాళ్లకి పనికిరాదు. సతీష్ గారు నెట్‌లో అమెరికా వాళ్ల సలహాలు చదివి ఉంటే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. మీ దగ్గర అద్దె లేనప్పుడు డబ్బు మిగలడం అన్న వాదనే రాదు.

#6 · సతీష్_తెనాలి

అందరికీ థ్యాంక్స్. అద్దె లేదు, కనెక్షన్‌తో పాటే బాక్స్ ఇస్తారు, మానేస్తే తిరిగి ఇచ్చేయాలి. ఆపరేటర్ దగ్గరున్న బాక్స్ ఫొటో అడిగి తెప్పించుకున్నాను. వెనక స్టిక్కర్ మీద "1జీఈ+3ఎఫ్ఈ+1పాట్స్+డ్యూయల్ బ్యాండ్ వైఫై" అని ఉంది. రెండు యాంటెన్నాలు, ఫైబర్ పోర్టు ఆకుపచ్చ. చిన్న ఓఎన్‌యూకి ఫోన్ పోర్టు లేదట. అంటే ల్యాండ్‌లైన్ కావాలంటే పెద్ద బాక్సే తీసుకోవాలా?

రమణ గారూ, హాల్లోకి లాగమని అడిగాను, సరే అన్నాడు. హాలు ఇంటికి నడిమధ్య ఉంటుంది, పక్కనే మేడ మెట్లు.

#7 · నాని_నెట్‌వర్క్

ఆ స్టిక్కర్ మీదున్నదే అన్నిటికంటే ముఖ్యం, జాగ్రత్తగా చూడండి. జీఈ అంటే గిగాబిట్ పోర్టు, ఎఫ్ఈ అంటే 100 ఎంబీపీఎస్ పోర్టు, పాట్స్ అంటే ఫోన్ పోర్టు. అంటే నాలుగు ల్యాన్ పోర్టుల్లో ఒక్కటే, ఎక్కువగా ల్యాన్ 1, గిగాబిట్. మిగతా మూడింట్లో ఏది వాడినా మీ 200 ప్లాన్ 95 దగ్గర ఆగిపోతుంది. పోర్టులు నాలుగూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పైకి వెళ్లే వైరు ల్యాన్ 1లోనే ఉండాలి.

రూటర్ కొనేటప్పుడు కూడా ఇదే చూడాలి. పెట్టె మీద ఏసీ750 అనో 1200 అనో పెద్ద అంకె వేస్తారు, లోపల పోర్టులు 100వి ఉంటాయి. ఉదాహరణకి టీపీ-లింక్ ఆర్చర్ సీ20లో అన్నీ 100 పోర్టులే, ఆర్చర్ సీ6లో గిగాబిట్. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఏదో ఒకటి తెచ్చుకుంటే 200 ప్లాన్‌కి డబ్బు కట్టి 95 వాడుకుంటారు.

ఫోన్ పోర్టు కావాలి కాబట్టి పెద్ద బాక్సే తీసుకోండి. కానీ దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (నెట్‌ని తను పంచకుండా రూటర్‌కి అలాగే పంపేలా) పెట్టించి, వైఫై ఆపేసి, లాగిన్ మీ రూటర్‌లో పెట్టుకోండి. పీపీపీఓఈ (అంటే ఆ నెట్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ (ఒకే వైరులో విడదీసిన దారి) నంబరు ఆపరేటర్ని అడిగి రాసుకోవాలి. అప్పుడు ఓఎన్‌టీకి వెలుతురు మార్చే పని, ఫోన్ పని మాత్రమే ఉంటాయి, మిగతా బరువంతా మంచి రూటర్ మోస్తుంది.

#8 · వసుధ_కరీంనగర్

నాని గారూ, ఆ రూటర్ ఎక్కడ పెడతారు? పైన పెడితే కింద పెద్దవాళ్లకి సిగ్నల్ అందదు. కింద పెడితే సతీష్ గారికి అందదు. మధ్యలో శ్లాబు ఉంది కదా. మీరు చెప్పినట్టు ఓఎన్‌టీలో వైఫై ఆపేస్తే కింద ఉన్న వైఫైని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

ఇంకోటి, చాలామంది ఆపరేటర్లు పీపీపీఓఈ పాస్‌వర్డ్ ఇవ్వరు. వాళ్లకి తెలిసిన సిస్టమ్‌తో అన్నీ దూరం నుంచే పెట్టేస్తారు.

#9 · రమణ_స్ప్లైసింగ్

వసుధ మేడమ్ చెప్పిన శ్లాబు మాట నూటికి నూరుపాళ్లు నిజం. లోపల ఇనుప చువ్వలు, ఆపైన కాంక్రీటు. 5 గిగాహెర్ట్జ్ దాంట్లోంచి సరిగా దూరదు, 2.4 కొంచెం దూరుతుంది గానీ మీటింగుకి చాలదు. మెట్ల దగ్గర పెడితే మెట్ల సందులోంచి కొంత పోతుంది, గది తలుపు వేసుకుంటే అంతే సంగతులు. రెండంతస్తుల ఇంటికి ఎంత ఖరీదైన రూటరైనా ఒక్కటి చాలదు. పైకి ఒక వైరు పోవాలి, ఆ వైరు చివర ఇంకో వైఫై ఉండాలి.

బ్రిడ్జ్‌లో పెడితే ల్యాండ్‌లైన్ ఆగిపోతుందేమోనని భయపడనక్కర్లేదు. ఇంటర్నెట్‌కి ఒక వీల్యాన్, వాయిస్‌కి ఇంకో వీల్యాన్ ఉంటాయి. ఇంటర్నెట్ దాన్ని మాత్రమే బ్రిడ్జ్ చేస్తాం, వాయిస్ దాని మానాన అది పనిచేస్తుంది. కాకపోతే కొత్త కుర్రాళ్లు రెండూ కలిపి మార్చేస్తారు, అప్పుడు ఫోన్ మూగబోతుంది. పని అయిపోయాక ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేయించి చూసుకోండి, వాళ్లు గుమ్మం దాటకముందే.

బయట కొన్న ఓఎన్‌టీ పెట్టుకుందామనుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఆపరేటర్ దగ్గర ఫైబర్ అవతలి కొసకుండే ఓఎల్‌టీ జీపానా, ఈపాన్ అనే ఇంకో రకమా తెలియాలి. ఎక్స్‌పాన్ అని రాసున్నవి రెండిట్లోనూ పనిచేస్తాయి. అయినా ఓఎల్‌టీ ఒక కంపెనీది, ఓఎన్‌టీ ఇంకో కంపెనీది అయితే లైటు వస్తుంది గానీ సెట్టింగులు దిగకపోవచ్చు. సీరియల్ నంబరు వాళ్ల దగ్గర నమోదు కావాలి కూడా. అందుకని ఫైబర్ తగిలే డబ్బా మాత్రం ఆపరేటర్ దగ్గర తీసుకోవడమే మేలు.

#10 · మూర్తి_అనంతపురం

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు డబ్బాలంటే రెండిటికీ కరెంటు ఉండాలి. కింద ఓఎన్‌టీ ఆగితే పైన రూటర్ వెలుగుతున్నా నెట్ ఉండదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా ఏ ప్లగ్గుకి ఇన్వర్టర్ లైన్ వచ్చిందో చూసుకోవాలి, చాలా ఇళ్లలో ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇస్తారు.

ఇన్వర్టర్ మీద ఉన్నా కరెంటు పోగానే రూటర్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తోందంటే ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఉన్నట్టు. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాంట్లో పెట్టండి, మారే వ్యవధి తగ్గుతుంది. ఓఎన్‌టీ మళ్లీ లేచి లాగిన్ అయ్యేలోపు మీ మీటింగ్ వాళ్లు మీ కోసం ఎదురుచూస్తుంటారు.

ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒక్కో డబ్బాకి ఒక్కోటి. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. ఓఎన్‌టీలు ఎక్కువగా 12 వోల్టులు, చిన్న రూటర్లు కొన్ని 9 వోల్టులవి. పిన్ను దూరింది కదా అని 9 వోల్టుల దానికి 12 ఇస్తే కాలిపోవచ్చు.

#11 · దివ్య_మ్యూనిక్

ఇక్కడ జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి చట్టప్రకారం కంపెనీ ఇచ్చిన రూటరే వాడాలన్న బలవంతం లేదు, లాగిన్ వివరాలు అడగకుండానే ఇవ్వాలి. అయినా చాలామంది సొంతంగా కొనేది కూడా అన్నీ కలిసిన ఫ్రిట్జ్‌బాక్స్ అనే రూటర్‌నే. అంటే సొంతది కావడం వేరు, విడివిడిగా ఉండటం వేరు. ఈ థ్రెడ్‌లో ఆ రెండూ కొంచెం కలిసిపోతున్నాయి.

భద్రత గురించి కూడా చెప్పాలి. కంపెనీ వాళ్లు బాక్స్‌ని దూరం నుంచి సరిచేయడానికి టీఆర్-069 అనే దారి వాడతారు. 2016 నవంబరులో మిరాయ్ (రూటర్లలాంటి పరికరాల్లో దూరే వైరస్) రకం దాడి ఒకటి ఆ పనికి వాడే 7547 పోర్టు మీద వచ్చి ఇక్కడ డాయిష్ టెలికామ్ కస్టమర్లు దాదాపు 9 లక్షల మందికి నెట్ ఆగిపోయింది. ఒకే రకం బాక్సులు లక్షల ఇళ్లలో ఉంటే ఒక్క లోపం అందర్నీ తాకుతుంది. సొంత రూటర్ ఉన్నంత మాత్రాన క్షేమం అనుకోవద్దు, అప్‌డేట్లు పెట్టుకోకపోతే అది ఇంకా ప్రమాదం. ఏ బాక్స్ అయినా అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి.

#12 · శైలజ_కూకట్‌పల్లి

మాది అపార్ట్‌మెంట్. ఫైబర్ కింద సెల్లార్‌లో స్విచ్ దాకానే వస్తుంది, అక్కణ్నుంచి ఫ్లాట్‌లోకి మామూలు ల్యాన్ వైరు. మోడెమ్, ఓఎన్‌టీ ఏమీ అక్కర్లేదు, ఒక రూటర్ చాలు. ఇలాంటి కనెక్షన్ ఉన్నవాళ్లు వైరు కొస చూసి కొనండి. అనవసరంగా ఓఎన్‌టీ కలిసిన బాక్స్ కొనేవాళ్లు ఉన్నారు. డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌కి మంచి డ్యూయల్ బ్యాండ్ రూటర్ ఒక్కటి హాల్లో పెడితే సరిపోతుంది.

నా ప్రశ్న ఒకటి. ఊళ్లో ఇంటికి సీసీ కెమెరా పెట్టించి ఇక్కణ్నుంచి చూడాలని. విడి రూటర్ పెడితే బయటి నుంచి నేరుగా వెళ్లొచ్చు అని షాపతను చెబుతున్నాడు. నిజమేనా?

#13 · నాని_నెట్‌వర్క్

శైలజ గారూ, రూటర్ మారిస్తే అది తేలదు. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ రూటర్‌కి ఇచ్చిన అడ్రసు) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందని అర్థం, సీజీన్యాట్ అంటారు. అప్పుడు మీ ఇంట్లో ఎంత గొప్ప రూటర్ ఉన్నా బయటి నుంచి తలుపు తట్టడం కుదరదు. స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఇచ్చే, మారని పబ్లిక్ అడ్రసు) కొనాలి, లేదా కంపెనీ క్లౌడ్ యాప్ ద్వారా చూసే కెమెరా తీసుకోవాలి.

వసుధ గారి శ్లాబు ప్రశ్నకి వస్తాను. ఆవిడ అడిగింది న్యాయమే, సతీష్ గారి ఇంటికి సరిపోయే దారి వేరే ఉంది. ఓఎన్‌టీని రూటర్‌గానే ఉండనివ్వండి, కింద దాని వైఫైనే వాడండి. పైకి ఒక క్యాట్ 6 వైరు లాగి, పైన గిగాబిట్ పోర్టులున్న రూటర్ కొని దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు ఐపీలు పంచే పని కింది బాక్స్ ఒక్కటే చేస్తుంది, పైది వైఫై ఒక్కటే ఇస్తుంది. పీపీపీఓఈ పాస్‌వర్డ్ కోసం ఎవర్నీ బతిమాలనక్కర్లేదు. పైన రూటర్ పాడైనా కింద అమ్మానాన్నలకి నెట్, ఫోన్ ఏమీ ఆగవు. మామూలు రూటర్ మోడ్‌లోనే తగిలిస్తే మాత్రం పంచే పని రెండుచోట్లా జరుగుతుంది, పైనున్న లాప్‌టాప్ నుంచి కింద టీవీకి ఏదైనా పంపాలంటే ఒకదానికొకటి కనిపించవు.

రెండు వైఫైలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. 2.4లో కింద ఛానల్ 1, పైన 6 లేదా 11. 5 గిగాహెర్ట్జ్‌లో కూడా వేరువేరు. ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే దానంతటదే పైదానికి మారుతుంది, వీడియో కాల్‌లో ఉంటే ఒక క్షణం ఆగొచ్చు. పని లాప్‌టాప్‌కి మాత్రం వైఫై వద్దు సతీష్ గారూ. పైన రూటర్ వెనక ల్యాన్ పోర్టు నుంచి వైరు తగిలించండి. మీటింగులు తెగకూడదంటే ఒక బాక్సా రెండు బాక్సులా అన్నదానికంటే ఆ వైరే ఎక్కువ ఉపయోగపడుతుంది.

#14 · వసుధ_కరీంనగర్

ఇది బాగుంది. పెద్దవాళ్లకి ఒకే బాక్స్, సతీష్ గారికి విడి రూటర్. ఆపరేటర్ కూడా తప్పించుకోలేడు, కింద బాక్స్ వైఫైలో నెట్ వస్తోందో లేదో చూసి మాట్లాడొచ్చు.

#15 · సతీష్_తెనాలి

నాకూ ఇదే నచ్చింది. పై గదికి వైరు బయటి గోడ మీదుగా పోవాలి, లోపల పైపు వేయలేదు. ఏ వైరు తీసుకోవాలి? షాపులో క్యాట్ 6 అని తక్కువ ధరవి కూడా చూపిస్తున్నారు. పైన ఆర్చర్ సీ6 తీసుకుందామనుకుంటున్నాను.

#16 · రమణ_స్ప్లైసింగ్

తక్కువ ధర వైర్లలో చాలావరకు సీసీఏ ఉంటుంది, అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. మంచి రాగి వైరే అడగండి, పెట్టె మీద ప్యూర్ కాపర్ అని ఉన్నా గీకి చూడండి. మీకు కావలసింది ఇరవై మీటర్లకు మించదు, అక్కడ పొదుపు వద్దు.

బయటి గోడ మీద మామూలు పీవీసీ తొడుగు ఎండకి పెళుసుబారి పగులుతుంది. బయట వాడే నల్ల తొడుగు క్యాట్ 6 దొరుకుతుంది, దొరక్కపోతే పీవీసీ పైపులో నడిపించండి. పైపు లోపలికి వచ్చేచోట వైరు కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి, గోడ లోపలికి రావు. కరెంటు వైరు పైపులో మాత్రం కలపకండి.

పిడుగుల సంగతి కూడా. ఫైబర్‌లో గాజు తప్ప రాగి ఉండదు, దాని మీదుగా కరెంటు రాదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ కేబుల్‌లో దాని బరువు మోసే ఇనుప తీగని మాత్రం వసారా హుక్కు దగ్గరే కత్తిరించేయాలి, లోపలికి తేకూడదు. మీరు బయట వేస్తున్న క్యాట్ 6 రాగి కాబట్టి ఉరుములప్పుడు పైన వైరు పీకేయడం మంచిది.

సీ6 సరిపోతుంది.

#17 · సతీష్_తెనాలి

పని అయిపోయింది. ఫైబర్ హాల్లోకి లాగారు, తలుపు పైన గుండ్రంగా తిప్పించాను. మీటర్‌లో మైనస్ 19 చూపించింది. ఓఎన్‌టీ టీవీ పక్కన గోడకి బిగించారు, వెనక గాలి ఆడేలా. పైకి నల్ల వైరు ల్యాన్ 1 నుంచి. ఆర్చర్ సీ6 యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంది. లాప్‌టాప్ వైరు మీద 190 పైనే వస్తోంది, కింద అమ్మ ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ మీద దాదాపు అంతే. ఆపరేటర్ కుర్రాడు వెళ్లేముందే నా సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి చేశాను, నాన్నే ఎత్తారు.

మూర్తి గారూ, కింద ప్లగ్గుకి ఇన్వర్టర్ లైన్ లేదు. ఎలక్ట్రీషియన్‌తో లాగించేదాకా మినీ యూపీఎస్ తీసుకుంటాను. ఓఎన్‌టీ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. 1 ఆంపియర్ యూపీఎస్ చాలదు కదా?

#18 · మూర్తి_అనంతపురం

చాలదు. వోల్టులు సరిగ్గా 12 ఉండాలి, ఆంపియర్లు 1.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 2 ఆంపియర్లది తీసుకోండి, ఓఎన్‌టీ తనకి కావలసినంతే తీసుకుంటుంది. పైన సీ6కి కూడా అడాప్టర్ చదివి ఇంకోటి తీసుకోండి, లేదంటే కరెంటు పోయినప్పుడు కింద నెట్ ఉంటుంది, పైన మీకు ఉండదు.